శిశువైద్యము: గడప వరకు రావలసిన విద్య

న్యాయస్థానమున మైనరు బాలుని పక్షమున మాటాడుటకు సంరక్షకుడొకడు ఉండవలయునని శాసనము విధించుచున్నది. బాలుడు తన హక్కును తాను చెప్పుకొనజాలడు గనుకనే ఈ యేర్పాటు. రోగశయ్యపై నున్న పసిబిడ్డ స్థితి అంతకంటెను దీనమైనది. నొప్పి యెచ్చటనో ఆ బిడ్డ చెప్పలేదు, ఎప్పటినుండియో చెప్పలేదు, పోసిన మందు వికటించినదనియు చెప్పలేదు. ఏడ్పొక్కటియే దాని వాఙ్మూలము. మిక్కిలి నీరసించిన బిడ్డకు ఆ యేడ్పును ఉండదు. ఆ మౌనమును సయితము చదువగల విద్యకే శిశువైద్యమని పేరు.

ఈ విద్య నేడు పెక్కు శాఖలుగా విస్తరిల్లినది. అప్పుడే పుట్టిన శిశువునకొక వైద్యుడు, బిడ్డల గుండెకొకడు, మూత్రపిండములకొకడు, నరములకొకడు, నెత్తురునకొకడు. దీనిని గూర్చి మన పట్టణములలో రెండు మాటలు తరచుగా వినవచ్చుచున్నవి. ఇన్ని రకముల వైద్యులేల, మన తాతలనాడు ఒక్క వైద్యుడే ఇంటిల్లిపాదికిని మందిచ్చెడివాడు కాడా, ఇదియంతయు ఫీజులకై పన్నిన పన్నాగమని కొందరందురు. బిడ్డకు జబ్బు చేసినచో మహానగరమున పెద్ద బోర్డు గల ఆసుపత్రికి పరుగెత్తవలసినదే గాని, తక్కిన చోట్ల వైద్యమే లేదని మరికొందరందురు. మొదటి మాట తెలియక అన్నది. రెండవ మాట అంతకంటె అపాయకరమైనది. శాఖలు అవసరమే. అయితే ఏ శాఖ విలువనైనను దాని భవనము ఎత్తునుబట్టి గాక, అందు తెలిసిన సత్యము ఎంత దూరపు గడపను చేరినదను దానినిబట్టి కట్టవలయునని మా అభిప్రాయము. ఈ అభిప్రాయమునకు గల సాక్ష్యమును పాఠకుల ముందుంచెదము.

ముందుగా శాఖలేల యను ప్రశ్న. బిడ్డ యనగా చిన్న కొలతకు కుదించిన పెద్దమనిషి కాడు. టైఫాయిడు జ్వరమున పెద్దలకు దివ్యౌషధముగా ఉపకరించిన క్లోరాంఫెనికాల్ అను మందును అప్పుడే పుట్టిన శిశువులకు, అందును నెలలు నిండని వారికి ఇచ్చినప్పుడు, కొందరి శరీరము బూడిదవన్నెకు తిరిగి, నెత్తుటి పోటు పడిపోయి, ప్రాణములు పోయినవి. 1959లో అమెరికా వైద్యులు ఈ అనర్థమును ఆ మందుతో ముడిపెట్టి చూపిరి. నవజాత శిశువు కాలేయమునకు ఆ మందును మార్చి వెడలగొట్టు శక్తి ఇంకను రాలేదు. బరువునుబట్టి మోతాదును తగ్గించినంత మాత్రమున చాలదని దీనివలన తేలినది. పెద్దల వైద్యము నేర్చినవాడు ఎంత బుద్ధిమంతుడైనను, ఈ సంగతిని ఊహ చేత తెలిసికొనజాలడు. అందుకు బిడ్డలనే చూచి, బిడ్డలనే చదివినవాడు కావలయును.

కావుననే బిడ్డల వైద్యము వేరు విద్యగా నిలువదొక్కుకొన్నది. పారిసు నగరమున 1802లో బిడ్డలకు ప్రత్యేకముగా ఆసుపత్రి వెలసెను. లండనులోని గ్రేట్ ఆర్మండ్ వీధిలో 1852లో 10 పడకలతో మరియొకటి వెలసెను. జర్మనీ నుండి ప్రవాసము వచ్చిన ఆబ్రహాం జాకోబీ 1860లో న్యూయార్కున శిశురోగములకు ఆచార్యపీఠమును స్వీకరించెను. మన దేశమున బొంబాయిలో 1929లో బాయి జెర్బాయి వాడియా ఆసుపత్రియు, కలకత్తాలో 1933లో డాక్టరు కె. సి. చౌధురీ స్థాపించిన శిశువైద్య పత్రికయు, హైదరాబాదున 1953లో నీలోఫర్ ఆసుపత్రియు వెలసినవి. 1963లో భారతీయ శిశువైద్యుల సంఘములు రెండును ఏకమై ఒక్క అకాడమీగా ఏర్పడినవి. ఇది బయటి చరిత్ర. లోపలి చరిత్ర రోగుల పడకల చెంత జరిగినది.

నవజాత శిశువు శ్వాసను చూడుడు. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డ ఊపిరాడక కొన్ని గంటలలో చనిపోవుట ఒకప్పుడు విధివ్రాతగా భావింపబడెడిది. 1959లో శిశువైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ అను శాస్త్రజ్ఞునితో కలిసి, అట్టి శిశువుల ఊపిరితిత్తులను పరిశీలించి, గాలితిత్తులు మూసికొనిపోకుండ కాపాడు సర్ఫాక్టెంట్ అను జిడ్డు పదార్థము వారికి కొరవడియున్నదని నిరూపించెను. తెలిసిన సత్యము మందుగా మారుటకు రెండు దశాబ్దములు పట్టినది. ఈ లోపల 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కుమారుడు పాట్రిక్, అయిదున్నర వారములు ముందుగా పుట్టి, రెండు దినములైన నిండకుండ ఇదే వ్యాధితో మరణించెను. అంతటి అధికారమును, అంతటి ధనమును ఆ బిడ్డకు ఒక్క దినము ఊపిరి కొనిపెట్టలేకపోయినవి. 1980లో జపానున ఫుజివారా అను వైద్యుడు ఆవు ఊపిరితిత్తులనుండి తీసిన పదార్థమును శిశువుల శ్వాసనాళమున పోసి బ్రదికించు మార్గమును చూపెను. నేడు మన నగరములలో సామాన్యుని బిడ్డయు దానివలన బ్రదుకుచున్నది. నాడు చక్రవర్తులకు దొరకనిది నేడు గుమాస్తా బిడ్డకు దొరకుట పరిశోధన ఫలము.

అయితే ఈ శాఖయే ఒకప్పుడు అపకారమును చేసినదని దాచుట ధర్మము గాదు. 1940లలో నెలలు నిండని శిశువులను గాజుపెట్టెలలో నుంచి ధారాళముగా ప్రాణవాయువునిచ్చిరి. బిడ్డలు బ్రదికిరి గాని, వేలకొలది బిడ్డలకు చూపు పోయినది. అధికమైన ప్రాణవాయువే కారణమని 1951లో మెల్బోర్నునందలి శిశువైద్యురాలు కేట్ క్యాంబెల్ అనుమానించెను. 1953, 1954 సంవత్సరములలో అమెరికా ఆసుపత్రులు పలువురు శిశువులను రెండు వర్గములుగా విభజించి పరీక్షించి దానిని రుజువు చేసినవి. అంతట భయపడి ప్రాణవాయువును మితిమీరి తగ్గింపగా, ఈసారి కన్నులు దక్కినను ప్రాణములు పోయినవి. ఎక్కువయు కీడే, తక్కువయు కీడే. కొలత తెలియుటయే విద్య. సదుద్దేశము సాక్ష్యము కాజాలదని న్యాయవాదులెరుగుదురు. వైద్యులును ఈ విధముగా నేర్చుకొనిరి.

ఈ పాఠము మన తెలుగుదేశమునకు పరాయిది గాదు. చిన్న పట్టణములలో సయితము నేడు నవజాత శిశువుల గదులు వెలసినవి. బ్రదికెడి బిడ్డలు హెచ్చిరి. కావున కంటి వెనుక పొర చెడు ప్రమాదమును హెచ్చినది. 34 వారములు నిండకుండ గాని, 2 కిలోలకు తక్కువ బరువుతో గాని పుట్టిన ప్రతి శిశువు కన్నులను పుట్టిన 30 దినములలోపల నిపుణుడు పరీక్షింపవలయునని మన దేశపు నియమము. మరీ ముందుగా పుట్టినవారికి ఇంకను త్వరగా చూడవలయును. వేళకు చూచి లేజరు చికిత్స చేసినచో పెక్కుమందికి చూపు నిలుచును. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వారు ఈ పరీక్షను శిశువుల పడకల కడకే కొనిపోవు పద్ధతిని మన దేశమున తొలుత చేపట్టినవారిలో నున్నారు. గడువు 30 దినములు. ఆ పిదప తండ్రి ఎంత ధనము తెచ్చినను ప్రయోజనము స్వల్పము. గడువు దాటిన అప్పీలును న్యాయమూర్తి మన్నింపవచ్చును గాని, ప్రకృతి మన్నింపదు.

ఇక నెత్తురు కేన్సరు మాట. ల్యుకీమియా సోకిన బిడ్డ కొలది వారములలోనో నెలలలోనో మరణించుట 1947 వరకు తప్పని తీర్పు. బోస్టనులోని బిడ్డల ఆసుపత్రియందు సిడ్నీ ఫార్బర్ ఆ సంవత్సరాంతమున అమినోప్టెరిన్ అను మందును ప్రయోగించెను. 1948 జూనులో ప్రకటించిన ఫలితములనుబట్టి 16 మంది బిడ్డలలో 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించెను. ఆ మందును అందించిన లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫలితము ప్రకటితమైన రెండు మాసములకే, ఆగస్టున, ఆయన న్యూయార్కులో దివంగతుడయ్యెను. తాత్కాలికమైన ఆ గుణమును శాశ్వతము చేయుటకు శిశువైద్యులు మరి రెండు దశాబ్దములు శ్రమించిరి. మెంఫిసు నగరమున 1962లో తెరచిన ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ పలు మందులను ఒకటితో నొకటి జతపరచి, మెదడును గూడ కాపాడు చికిత్స నేర్పరచి, సగముమంది బిడ్డలను బ్రదికింపవచ్చునని చూపెను. నేడు సంపన్న దేశములలో నూటికి 90 మంది బ్రదుకుచున్నారు. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని ఆ చికిత్సలో నున్నది. మన వాని చేతి చలువ లోకమంతట బిడ్డలకు తగులుచుండగా, మన పల్లెలలోని బిడ్డ మాత్రము రోగనిర్ణయము ఆలస్యమగుట చేతను, మధ్యలో చికిత్స మానుట చేతను అంతటి భాగ్యమునకు నోచుకొనకున్నది. ఇది మందు లోపము గాదు, మార్గము లోపము.

పై నిదర్శనములను చూచి, శిశువైద్య పరిశోధన యనగా యంత్రములును ఖరీదైన మందులునేనని తలచువారు ఈ క్రింది రెండును వినవలయును. మన పత్రికలలో ఒకప్పుడు పసిబిడ్డల లివరు వ్యాధికి మందుల ప్రకటనలు విస్తారముగా నుండెడివి. కడుపు ఉబ్బి, కాలేయము రాయివలె గట్టిపడి, రెండు మూడేండ్ల బిడ్డలు రాలిపోయెడివారు. ఒకే తల్లి బిడ్డలు వరుసగా పోవుట చేత వంశదోషమని ఏడ్చెడివారు. పూనా శిశువైద్యులు, ఇంగ్లండు వైద్యుడు టానర్‌తో కలిసి, ఆ బిడ్డల కాలేయములలో రాగి మితిమీరి పేరుకొనియుండుటను విచారించి, 1983లో ఒక సంగతిని ప్రకటించిరి. తల్లిపాలకు బదులు చిన్ననాటనే పోసిన పశువుల పాలు కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో కాగి, నిలువయుండి, ఆ రాగిని బిడ్డకు ఎక్కించుచున్నవని వారు చెప్పిరి. పాత్ర మారినది, స్టీలు గిన్నె వచ్చినది, ఆ వ్యాధి నేడు దాదాపు కానరాదు. కాలేయ నిపుణుని సూక్ష్మ పరీక్ష వంటింటి పాత్ర దగ్గర ముగిసినది. సూక్ష్మ పరీక్ష లేనిచో పాత్ర మీద ఎవరికి అనుమానము కలుగును?

రెండవది అతిసారము. 1971లో తూర్పు బెంగాలు నుండి లక్షలకొలది కాందిశీకులు సరిహద్దు దాటి వచ్చిరి. బనగాం శిబిరమున కలరా చెలరేగెను. నేల మీద, వాంతుల నడుమ రోగులు పడియుండిరి. నరములలో నెక్కించు ఉప్పునీటి సీసాలు నిండుకొనినవి. శిశువైద్యమున శిక్షణ పొందిన దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా తూకము చొప్పున కలిపి, పొట్లములు కట్టించి, నీటిలో కరగించి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. గ్లూకోజు ఉప్పును తనతోపాటు ప్రేగు గోడను దాటించును, ఉప్పు వెంట నీరు పోవును. ఇదియే దాని మర్మము. నూటికి 30 వరకు నున్న మరణములు అతని సంరక్షణలో నూటికి 4 లోపునకు దిగినవి. 2022లో ఆయన మరణించెను. పద్మవిభూషణము మరుచటి ఏట, మరణానంతరము వచ్చెను. ఆ పొట్లము ఈ అర్ధశతాబ్దమున కోట్లకొలది ప్రాణములను కాపాడినదని వైద్యలోకపు అంచనా.

ఇట్టి మందు చేతనుండగా మనమేమి చేయుచున్నాము? 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలననుబట్టి, విరేచనములు పట్టిన మన దేశపు బిడ్డలలో ఈ ఉప్పునీటిని పొందినవారు నూటికి 61 మంది. దానితోపాటు ఇవ్వవలసిన జింకును పొందినవారు సుమారు 30 మంది మాత్రమే. లంఖణము పరమౌషధమను సామెతను పసిబిడ్డ మీద ప్రయోగించి, పాలు మాన్పి, నీరు మాన్పువారు నేటికిని కలరు. ఈ అజ్ఞానమునకు తోడు వ్యాపారము చేరినది. పంచదార పానకములకు ఓ.ఆర్.ఎస్. అను అక్షరములు తగిలించి, మందుల దుకాణములలోనే అమ్మిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పొట్లమున లీటరునకు 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే యుండవలయును. అంతకు ఎన్నో రెట్లు తీపి గల పానీయము ప్రేగులోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును గాని తగ్గింపదు. హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఈ మోసము మీద సుమారు ఎనిమిదేండ్లు ఒంటరిగా పోరాడెను. తుదకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ వారు, ఆ సూత్రమునకు లోబడని పానీయములపై ఆ అక్షరములను వాడరాదని ఉత్తరువు చేసిరి. వైద్యుని విధి చీటీ వ్రాయుటతో తీరదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

పై సాక్ష్యమంతయు ఒక్క నిర్ణయమునకే దారితీయుచున్నది. బిడ్డలను కాపాడు జ్ఞానము చాలవరకు మన చేతిలోనే యున్నది, చేరవేయుట కొరవడినది. 2020 లెక్కలనుబట్టి మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 20 మంది తొలి నెల దాటకుండ పోవుచున్నారు. అయిదేండ్లలోపు మరణములు వేయికి 32 కాగా, వానిలో సగమునకు మించినవి ఈ తొలి నెలలోనివే. ఈ నెల యందు శిశువుండునది ఎక్కడ? తల్లి ఒడిలో, ఇంటిలో. కావున నిపుణుని విద్య అచ్చటికి నడిచి రావలయును. వచ్చునా యని సందేహింపవలదు. వచ్చిన చోట్లు కలవు. గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్ దంపతులు 39 గ్రామములలో పల్లెటూరి స్త్రీలకు నవజాత శిశువుల రోగలక్షణములను, చికిత్సను నేర్పిరి. తక్కిన గ్రామములతో పోల్చి చూడగా మూడవ సంవత్సరమునకు నవజాత శిశుమరణములు నూటికి 62 పాళ్లు తగ్గినట్లు 1999లో ప్రకటించిరి. నేడు ఆశా కార్యకర్త బాలెంత యింటికి వచ్చి బిడ్డను తూచి చూచుటకు ఇదియే మూలము. పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో నెలకొల్పిన నవజాత శిశు విభాగమును చూచి తక్కిన జిల్లాలు నేర్చుకొన్నవి. పెట్టెలు చాలని బొగోటా నగరమున 1978లో శిశువైద్యుడు ఎడ్గార్ రే తల్లి రొమ్మునే బిడ్డకు వెచ్చని పెట్టె గావించెను. పుట్టిన వెంటనే అట్లు హత్తుకొనినచో తక్కువ బరువు శిశువుల మరణములలో నాలుగవ వంతు తగ్గునని, ఢిల్లీతో సహా అయిదు దేశముల ఆసుపత్రులలో జరిపిన పరీక్ష 2021లో రుజువు చేసినది.

అట్లని నిపుణులు అక్కరలేదనియు, ఆశా కార్యకర్తయే చాలుననియు కొందరు ప్రభుత్వోద్యోగులు సంతృప్తి చెందుదురేమో, దానిని మేము అంగీకరింపము. పల్లెలోని స్త్రీ గుర్తించిన జబ్బుబిడ్డను స్వీకరించుటకు జిల్లాలో నిపుణుడుండవలయును. అతనికి అందనిదానిని స్వీకరించుటకు నగరమున మహానిపుణుడుండవలయును. ఇది ఒక గొలుసు. ఏ కొంకి తెగినను బిడ్డ జారిపోవును. నేడు తెగియున్న కొంకి నడిమిది. శిశువైద్యులు నగరములలో క్రిక్కిరిసియుండగా, లోపలి తాలూకాలలో ఉద్యోగములు ఖాళీగా పడియుండుట అందరెరిగినదే. ఇల్లు లేక, తోడు లేక, శిక్షణ గల దాదులు లేక, ఒంటరిగా రేయింబవళ్లు పనిచేయుమన్నచో త్యాగధనులు కొందరు నిలుతురు గాని, త్యాగము మీద ఏ శాఖయు నడువజాలదు. సర్కారు వారు జీతము, నివాసము, దాదుల సంఖ్య, రాత్రివేళ వాహనము అను నాలుగింటిని మొదట చక్కబెట్టి, పిదప వైద్యుల దేశభక్తిని గూర్చి ఉపన్యసించుట యుక్తము.

పట్టణవాసులైన మన పాఠకులకు గూడ పని కలదు. మీ జిల్లా ఆసుపత్రికి నలుగురు పెద్దమనుషులు కలిసిపోయి, వినయముగా, కాని వ్రాతమూలముగా, నాలుగు ప్రశ్నలడుగుడు. నవజాత శిశువుల గదిలో రాత్రివేళ ఎందరు బిడ్డలకు ఎందరు దాదులున్నారు? తక్కువ బరువు బిడ్డల కన్నులను 30 దినములలోపల ఎవరు, ఏ వారమున చూచుచున్నారు? తల్లి బిడ్డను రొమ్మున హత్తుకొని కూర్చుండుటకు కుర్చీయు చోటును గలవా? గ్రామములలో ఆశా కార్యకర్తల కడ ఉప్పునీటి పొట్లములును జింకు బిళ్లలును నేడు ఉన్నవా, లేక రిజిస్టరులో మాత్రమే యున్నవా? ఈ ప్రశ్నలకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. జవాబు రానిచో మరల అడుగుడు.

గ్రంథాలయములలో ఈ పత్రికను చదివి వినిపించువారికి ఒక మనవి. విరేచనములు పట్టిన బిడ్డకు పాలు మాన్పరాదనియు, ఒక లీటరు మంచినీటికి ఒక పొట్లము పూర్తిగా కలిపి కొంచెము కొంచెముగా పట్టవలయుననియు, బిడ్డ త్రాగలేకున్నను, మగతగా నున్నను, మలమున నెత్తురు కనిపించినను క్షణమాగక ఆసుపత్రికి కొనిపోవలయుననియు వినవచ్చినవారికి చెప్పుడు. వారు ఇంటికిపోయి తల్లులకు చెప్పుదురు. బనగాం శిబిరమున ఆ కొత్త విద్యను మోసినవారు రోగుల బంధువులే. వారికి బిరుదులు లేవు. నోరులేని బిడ్డకు సంరక్షకులుగా నిలుచుటకు నేడును బిరుదులు అక్కరలేదు.